కయాక్‌లో గుంపుగా సముద్ర వేటకు: తరచుగా అడిగే ప్రశ్నలు

కయాక్ అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. దాని మీద వెళ్లి చేపలు పట్టే వేటగాళ్ల కూడికకు మొదటిసారి వచ్చేవాళ్లు ముందురోజు రాత్రి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఇలాంటి కూడికల్లో చాలాసార్లు పాల్గొన్నాను, కొన్నింటిని దగ్గరుండి నడిపించాను. ఆ అనుభవంతో ఈ జవాబులు రాస్తున్నాను. గాలి గురించి, జోడీ గురించి రాసినవి కాస్త పొడవుగా ఉంటాయి. మిగతావి వదిలేసినా ఆ రెండూ మాత్రం పూర్తిగా చదవండి.

ఈ కూడికల్లో అసలు ఏం చేస్తారు?

తెల్లవారకముందే అందరూ ఒకే ఒడ్డుకు చేరతారు. పడవలు దించుకుంటారు, సామాను సర్దుకుంటారు, ఎవరు ఏ ఎర తెచ్చారో చూసుకుంటారు. నీళ్లలోకి దిగేముందు ఓ పది నిమిషాలు ఒకచోట నిలబడి మాట్లాడుకుంటారు. గాలి ఎటు నుంచి, పోటు ఎప్పుడు తిరుగుతుంది, ఎంత దూరం దాకా వెళ్లొచ్చు, ఎన్నింటికల్లా ఒడ్డుకు రావాలి, ఇవన్నీ అక్కడే తేలతాయి. తర్వాత జంటలుగా విడిపోయి మూడు నాలుగు గంటలు వేట. తిరిగొచ్చాక ఒడ్డున కూర్చుని పడిన చేప గురించీ, తప్పించుకుపోయిన చేప గురించీ కబుర్లు.

నా దృష్టిలో మొత్తం కూడికలో ముఖ్యమైనవి ఆ పది నిమిషాలే. ఆలస్యంగా వచ్చి, ఓ పక్క పడవ దించుకుంటూ ఆ మాటలు సగం విన్నవాళ్లే తర్వాత ఇబ్బంది పడటం నేను చూశాను. చెప్పిన టైమ్‌కి అరగంట ముందే రండి.

నేను పూర్తిగా కొత్త. రావచ్చా?

తప్పకుండా రండి. అయితే మీ మొట్టమొదటి తెడ్డు దెబ్బ ఈ కూడికలో వేయకండి. ముందు చెరువులోనో, అలలు లేని వెనుకజలాల్లోనో నాలుగైదు సార్లు తిరగండి. ఆగకుండా గంటన్నర, రెండు గంటలు తెడ్డు వేయగలగాలి. కావాలని బోల్తా కొట్టి, ఎవరి సాయమూ లేకుండా మళ్లీ ఎక్కగలగాలి. ఈ రెండూ వచ్చాయంటే మీరు తయారైనట్టే. ఒడ్డుకు రాగానే నడిపించేవాళ్లతో "సముద్రంలోకి ఇదే మొదటిసారి" అని ఒక్క మాట చెప్పండి. మిమ్మల్ని అనుభవం ఉన్నవాళ్ల పక్కన వేస్తారు. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఈత రాదు. లైఫ్ జాకెట్ ఉంటే చాలదా?

చాలదు. జాకెట్ మిమ్మల్ని తేలేలా చేస్తుంది గానీ పడవ దగ్గరికి చేర్చదు. మీరు నీళ్లలో పడ్డ మరుక్షణం నుంచి ఖాళీ కయాక్‌ను గాలి తోసుకుపోతూ ఉంటుంది. మంచి ఈతగాళ్లు కూడా దాన్ని అందుకోలేని సందర్భాలుంటాయి. ముందు ఈత నేర్చుకోండి. కూడికలు ఎక్కడికీ పోవు.

ఎలాంటి కయాక్ కావాలి?

వేటకు ఎక్కువ మంది వాడేది పైన కూర్చునే రకం, అంటే సిట్-ఆన్-టాప్. దానికి పైనుంచి అడుగు దాకా పోయే రంధ్రాలుంటాయి కాబట్టి మీదపడిన నీళ్లు వాటంతటవే కారిపోతాయి, బోల్తా పడినా మళ్లీ ఎక్కడం తేలిక. మూడున్నర నుంచి నాలుగున్నర మీటర్ల పొడవున్నది సముద్రానికి నప్పుతుంది. మరీ పొట్టిది అలల్లో ముక్కు అటూ ఇటూ కొట్టుకుంటూ, వేసిన ప్రతి తెడ్డుకీ సగం బలాన్ని తినేస్తుంది.

కాళ్లతో తొక్కే పెడల్ కయాక్ ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి, కదులుతూనే గాలం పట్టుకోవచ్చు. 1997లో హోబీ కంపెనీ మిరాజ్‌డ్రైవ్ అనే పెడల్ అమరిక తెచ్చాక ఈ రకం బాగా వ్యాపించింది. కానీ పెడల్ ఉంది కదా అని తెడ్డు ఇంట్లో వదిలేసి రావద్దు. లోతు తక్కువ చోట పెడల్ రెక్క ఇసుకకు తగులుతుంది, నాచు చుట్టుకుంటుంది. అప్పుడు ఆదుకునేది తెడ్డే.

పిల్లలు ఆడుకునే గాలి నింపిన బొమ్మ పడవలతో వచ్చేవాళ్లను సముద్రంలోకి దిగనివ్వరు. దీనిపై వాదించకండి.

లైఫ్ జాకెట్ వెనకాల కట్టి ఉంచితే సరిపోతుందా?

సరిపోదు. ఒంటి మీద, బకిళ్లన్నీ బిగించి ఉండాలి. అలల్లో, నీళ్లలో ఉండి జాకెట్ తొడుక్కోవడం ఎంత కష్టమో చెరువులో ఒకసారి ప్రయత్నించి చూడండి. వేట కోసం, వీపు వైపు స్పాంజ్ పైభాగాన మాత్రమే ఉండే జాకెట్లు దొరుకుతాయి. సీటుకు ఆనుకున్నప్పుడు అడ్డం రావు. దానికే ఒక విజిల్, తాడు కోసే చిన్న కత్తి తగిలించుకోండి.

బట్టలు ఎలాంటివి వేసుకోవాలి?

గాలిని చూసి కాదు, నీటి చలిని చూసి వేసుకోవాలి. పైన ఎండ మండుతున్నా కింద నీళ్లు చల్లగా ఉండొచ్చు. అదే ఉష్ణోగ్రతలో ఉన్న గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. నీరు 15 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నచోట పడగానే ఊపిరి ఎగపోస్తుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీరు మింగేస్తారు. మరీ చల్లటి నీటి విషయంలో 1-10-1 అని ఒక లెక్క చెబుతారు. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ చెప్పినట్టు వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అందుకే అలాంటి చోట్ల వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే బిగుతు రబ్బరు దుస్తులు) లేదా డ్రైసూట్ (లోపలికి నీరు చొరని దుస్తులు) లేకుండా రానివ్వరు.

వెచ్చటి నీళ్లలో వేరే సమస్య. ఎండ పైనుంచీ పడుతుంది, నీటి మీంచి తిరిగి మొహానికీ కొడుతుంది. పొడుగు చేతుల పలుచటి చొక్కా, మెడ కప్పే టోపీ, చెవులకు కూడా సన్‌స్క్రీన్ కావాలి. జీన్స్ మాత్రం ఎక్కడా పనికిరాదు, తడిస్తే కాళ్లకు బరువై కూర్చుంటుంది.

గాలి ఎంత ఉంటే వెళ్లకూడదు?

ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న, అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

సముద్రంలో గాలి వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ఐదు నాట్లు హాయిగా ఉంటుంది. పది నాట్ల దగ్గర అలల తలల మీద అక్కడక్కడా తెల్లటి నురగ కనిపించడం మొదలవుతుంది, కొత్తవాళ్లకు అదే హద్దు. పదిహేను దాటితే నేను పడవ దించను. గాలి వేగం రెట్టింపైతే అది పడవను తోసే బలం నాలుగు రెట్లవుతుంది, అందుకే పదికీ ఇరవైకీ మధ్య తేడా అంకెల్లో కనిపించినంత చిన్నది కాదు. వాతావరణ సూచనలో సగటు గాలితో పాటు ఒక్కసారిగా విసిరే గాలి ఎంతో కూడా విడిగా ఇస్తారు. ఆ రెండో అంకె చూసి నిర్ణయించుకోండి.

వేగం కంటే దిశ ఇంకా ముఖ్యం. ఒడ్డు మీంచి సముద్రం వైపు వీచే గాలి చాలా మోసం చేస్తుంది. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు అద్దంలా ఉంటాయి, ఎందుకంటే చెట్లు, గుట్టలు, ఇళ్లు గాలికి అడ్డుగా ఉంటాయి. దిగుతాం, గాలి వెనక నుంచి తోస్తూ ఉంటే పడవ జోరుగా సాగుతుంది, ఇవాళ చేతులు బాగా ఆడుతున్నాయనుకుంటాం. కిలోమీటరు లోపలికి వెళ్లాక ఆ అడ్డు పోతుంది. అప్పుడు వెనక్కి తిరిగితే గానీ ఎదురుగాలి ఎంతో తెలియదు. మామూలుగా గంటకు ఐదు కిలోమీటర్లు వెళ్లే మనిషి, బలమైన ఎదురుగాలిలో గంటకు ఒకటి రెండు కిలోమీటర్లు కదిలితే గొప్ప. తెడ్డు ఆపి నీళ్లు తాగుదామంటే ఆ కాసేపట్లో సాధించిందంతా పోతుంది. ఒడ్డు మీంచి గాలి ఉన్న రోజున కూడికను రద్దు చేస్తే, నీళ్లు ఇంత ప్రశాంతంగా ఉన్నాయి కదా అని చాలామంది నొచ్చుకుంటారు. దయచేసి ఆ రోజు నడిపించేవాళ్ల మాట వినండి.

ఇంకొకటి. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి బలపడుతుంది. కూడికలు తెల్లవారుజామున మొదలై పదకొండు లోపే ముగియడానికి చేపల ఆకలి ఒక కారణమైతే, ఈ గాలి రెండో కారణం.

ఆటుపోట్లు తెలుసుకోవాలా?

తెలుసుకోవాలి. చాలా తీరాల్లో పోటు నుంచి ఆటుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది. ఈ ఆరు గంటల్లో నీరు ఒకే వేగంతో కదలదు, మొదటి గంటా చివరి గంటా మెల్లగా, మధ్య రెండు గంటలు జోరుగా ఉంటుంది. మొత్తం ఎత్తులో దాదాపు సగం ఆ మధ్య రెండు గంటల్లోనే మారుతుంది. పౌర్ణమికీ అమావాస్యకూ దగ్గర్లో లాగుడు ఎక్కువ, అష్టమి దగ్గర్లో తక్కువ. నదీముఖాల దగ్గర వేటాడే రోజున ఇది మరీ అవసరం. ఆటు సమయంలో నది నీళ్లు బయటికి లాగుతుంటాయి, గాలి ఎదురుగా కొడితే అక్కడ పొట్టిగా నిటారుగా అలలు లేస్తాయి. అరగంట క్రితం తొణకని నీరు ఉడుకుతున్నట్టు అవుతుంది.

కెరటాలు విరిగే చోటు దాటడం ఎలా?

కంగారు పడకుండా ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. కెరటాలు గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి, ఆ తర్వాత కాసేపు చిన్నవి. ఆ విరామంలో పడవ ముక్కును కెరటానికి సూటిగా పెట్టి, ఆగకుండా తెడ్డు వేస్తూ దాటేయాలి. గాలం రాడ్లు పైకి నిలబెట్టి దాటకండి, పడుకోబెట్టి కట్టేయండి లేదా లోపల పెట్టేయండి. కొక్కేలేవీ బయట వేలాడకూడదు. తెడ్డుకు కట్టే తాడు కూడా ఈ చోట తీసేయడం మంచిది, పడితే కాళ్లకు చుట్టుకుంటుంది.

వెనక్కి రావడమే కష్టం. కెరటం ముందు ఉరకకూడదు, దాని వీపు వెనకే రావాలి. పడవ అడ్డం తిరిగితే కెరటం వైపు ఒరగండి. పడిపోతే మాత్రం పడవకూ ఒడ్డుకూ మధ్య ఎప్పుడూ ఉండకండి. నీళ్లు నిండి, సామానుతో ఉన్న కయాక్‌ను కెరటం మీ మీదికి విసురుతుంది. ఎప్పుడూ సముద్రం వైపునే ఉండండి.

ఇంతమంది ఉంటారు కదా, మళ్లీ జోడీ ఎందుకు?

చుట్టూ ఇరవై పడవలు కనిపిస్తుంటే అదో ధైర్యం. కానీ ప్రతి ఒక్కరూ తన గాలం కొస వైపే చూస్తుంటారు. చేప పడినవాడి చుట్టూ నలుగురు చేరతారు, అటు పక్క ఒకరు నెమ్మదిగా దూరమైపోతున్నా ఎవరికీ తెలియదు. మీటరు ఎత్తు అలల మధ్య కూర్చున్న మనిషి రెండు వందల మీటర్ల అవతల కనిపిస్తూ, మాయమవుతూ ఉంటాడు. అందరూ చూస్తున్నారులే అనుకునే చోట ఎవరూ చూడరు. అందుకే ఒక్కొక్కరిని ఒక్కొక్కరికి అప్పజెప్పాలి.

నాకు జరిగింది చెబుతాను. ఒక కూడికలో పొద్దున్నే హడావిడిగా పడవ వెనక సామాను పెట్టే అర మూత బిగించాను. మూత చుట్టూ ఉండే రబ్బరు అంచు మీద చిటికెడు ఇసుక అంటుకుని ఉంది. కంటికి ఆనలేదు, చేతికి తగల్లేదు. గంటన్నర తర్వాత పడవ బద్ధకంగా కదులుతోందనిపించింది, అలసిపోయానేమో అనుకున్నాను. నా జోడీగా ఉన్న కుర్రాడు యాభై మీటర్ల నుంచి అరిచాడు, "అన్నా, నీ పడవ తోక నీళ్లలో ఉంది!" తిరిగి చూస్తే వెనక భాగం మీద నుంచి ప్రతి అలా తాపీగా పొర్లి వెళ్తోంది. కూర్చున్న మనిషికి తన వెనకభాగం కనిపించదు. అతను పక్కకు వచ్చి రెండు పడవలూ కలిపి పట్టుకుంటే, నేను ముందు మూతలోంచి చేతి పంపు పెట్టి తోడాను. పొట్టలో దాదాపు రెండు బకెట్ల నీళ్లు. ఇంకో అరగంట గడిచి, ఆ నీరంతా ఒక పక్కకు దొర్లి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం కష్టమేమీ కాదు. ఆ కుర్రాడికి అది రెండో కూడిక. అతనికి పెద్దగా వేట రాదు, కానీ పది నిమిషాలకోసారి తలెత్తి నన్ను చూడాలని పొద్దున చెప్పిన మాట గుర్తుంది.

కాబట్టి జోడీకి నియమం ఒకటే. కేక వేస్తే వినపడేంత దూరంలో ఉండాలి. జోడీ వెనక్కి వెళ్తానంటే మీరూ వెళ్లాలి, చేపలు ఎంత పడుతున్నా సరే.

బోల్తా పడితే?

ముందు పడవను పట్టుకోండి. అది తిరగబడి ఉంటే అడుగు మీదికి ఒరిగి, అవతలి అంచు లాగి సరిచేయండి. తర్వాత మధ్య భాగం దగ్గర చేరి, కాళ్లు వెనక నీటి మీదికి తేలేలా కొట్టుకుంటూ, పొట్ట పడవ మీదికి వచ్చేలా ఒక్క ఊపులో జారండి. అక్కడ ఆగి ఊపిరి తీసుకుని, తిరిగి కూర్చోండి. కాళ్లు చివర్లో. నిచ్చెన ఎక్కినట్టు నిటారుగా ఎక్కబోతే పడవ మళ్లీ మీదికి తిరుగుతుంది. జోడీ వచ్చి తన పడవను మీ పడవకు ఆనించి గట్టిగా పట్టుకుంటే పని సగం తేలిక. రాడ్లు, పెట్టెలు పోతే పోనివ్వండి. వాటి కోసం పడవను వదిలినవాళ్లే ప్రమాదంలో పడతారు.

ఫోన్ ఉంటే సరిపోతుందా?

నీరు చొరని సంచిలో ఫోన్ ఉండాలి, కానీ దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి. తడి వేళ్లకు తెర స్పందించదు, లోపలికి వెళ్లేకొద్దీ సిగ్నల్ పోతుంది. చేతిలో ఇమిడే వీహెచ్ఎఫ్ రేడియోతో గుంపులో అందరితో ఒకేసారి మాట్లాడొచ్చు, ఆపదలో 16వ ఛానల్‌లో తీరరక్షక దళాన్నీ దగ్గర్లోని ఓడలనూ పిలవొచ్చు. ప్రాణాపాయం ఉంటే "మేడే" అని మూడుసార్లు చెప్పి, ఎక్కడున్నారో, ఎంతమందో, ఏం జరిగిందో చెప్పాలి. నీటిమట్టానికి ఇంత దగ్గరగా కూర్చుని మాట్లాడితే రేడియో కొన్ని కిలోమీటర్లే అందుతుంది. దీనికి లైసెన్స్ కావాలా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది, వచ్చేముందే కనుక్కోండి. బయలుదేరేముందు ఇంట్లో ఒకరికి ఏ ఒడ్డు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఎన్నింటిదాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి అన్నది రాసి ఇవ్వండి.

పెద్ద పడవలు వస్తే?

వాళ్లు మిమ్మల్ని చూడలేదనుకునే నడుచుకోండి. ప్లాస్టిక్ కయాక్ రాడార్‌లో దాదాపు కనిపించదు. 1972 నాటి అంతర్జాతీయ నౌకా నియమాల ప్రకారం ఇరుకైన కాలువలో, ఆ కాలువ లోపల మాత్రమే క్షేమంగా నడవగలిగే ఓడకు 20 మీటర్లకన్నా చిన్న పడవ అడ్డం రాకూడదు. కాలువ దాటాల్సి వస్తే అందరూ దగ్గరగా చేరి, అడ్డంగా, ఒకేసారి దాటండి. ముదురు నారింజ లేదా పసుపు రంగు జాకెట్, వెనక పొడవాటి కర్రకు జెండా, చీకటి ఉండగా దిగితే తెల్లటి దీపం తప్పనిసరి.

గాలాలు చిక్కుపడవా?

పడతాయి. గాలం ఈడ్చుకుంటూ వెళ్లే పడవ వెనక ముప్పై నలభై మీటర్ల దాకా దారం ఉంటుంది, కాబట్టి ఎవరి వెనక నుంచీ దగ్గరగా దాటకండి. పక్కవాళ్లకు పెద్ద చేప తగిలిందని అరిస్తే మీ దారం చుట్టేసి పక్కకు తొలగండి. ఒకరికి వరసగా పడుతున్నాయని వాళ్ల పడవ పక్కకే వెళ్లి ఎర వేయడం మర్యాద కాదు. "రావచ్చా?" అని అడగండి. దాదాపు అందరూ రమ్మనే అంటారు.

లంగరు వేయొచ్చా?

కొత్తవాళ్లు వద్దు. వేస్తే ముక్కు నుంచో తోక నుంచో తాడు ఉండాలి, పక్క నుంచి ఎప్పుడూ కాదు. లాగుడు ఎక్కువున్న నీళ్లలో పక్క నుంచి కట్టిన లంగరు పడవను క్షణంలో తిరగేస్తుంది. ఒక్క గుంజుతో వదిలిపోయే ముడి, చేతికందేలా కత్తి ఉండాలి.

కొక్కెం చేతికి గుచ్చుకుంటే? టెంకి చేప (స్టింగ్‌రే) కుడితే?

కొక్కెం లోతుగా దిగితే సముద్రంలో పీకకండి. దారం కోసేసి, కదలకుండా గుడ్డ చుట్టి, జోడీతో ఒడ్డుకు రండి. కంటి దగ్గరైతే అసలు తాకకండి. ముందే శ్రావణంతో కొక్కెం ముల్లును నొక్కేస్తే చేపకూ మీకూ నయం.

టెంకి చేప తోక ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలు మించకుండా, గంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. వేడిని దెబ్బ తగలని చేత్తో చూడండి. ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఛాతీకో పొట్టకో గుచ్చుకుంటే ముల్లు పీకకుండా వెంటనే సాయం పిలవండి.

పట్టిన చేప ఏం చేయాలి?

తినేంతే ఉంచుకోండి. ఏ చేప ఎంత పొడవుండాలి, రోజుకు ఎన్ని పట్టొచ్చు అన్నది ఆ తీరం నియమాల్లో ఉంటుంది, ముందే చదివి కొలపట్టీ తెచ్చుకోండి. వదిలేసే చేపను పొడి చేత్తో పట్టుకోకండి, ఒంటి మీది జిగురు పోతుంది.

ఉంచుకునే చేపకు ఐసు ఉండాలి. మాకెరెల్, ట్యూనా జాతి చేపల్ని వేడిలో వదిలేస్తే మాంసంలో హిస్టమిన్ తయారవుతుంది, ఎంత ఉడికించినా అది పోదు. తిన్నాక మొహం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. నాలుగు గంటలు ఎండలో పడవ మీద ఉన్న చేపను కూడిక అయ్యాక వండిపెట్టడం అభిమానం అనిపించుకోదు. ఐసు తేలేదంటే పట్టి వదిలేయండి.

వాంతులు వస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది.

చాలామందికి వస్తాయి. బయలుదేరడానికి ముందే, డాక్టర్ని అడిగి మాత్ర వేసుకోండి, మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. పెట్టెలోకి వంగి ముళ్లు వేస్తూ కూర్చుంటే ఎక్కువవుతుంది. దూరంగా నింగీ నీరూ కలిసే గీతను చూస్తూ మెల్లగా తెడ్డు వేయండి. తగ్గకపోతే జోడీకి చెప్పి వెనక్కి రండి.

మధ్యలో వెళ్లిపోవచ్చా?

ఎప్పుడైనా వెళ్లొచ్చు, చెప్పి వెళ్లాలి. ఎవరికీ చెప్పకుండా ఒడ్డుకు చేరి, పడవ కారెక్కించుకుని, ఇంటికి వెళ్లి నిద్రపోయిన మనిషి కోసం మిగతావాళ్లు గంటన్నర నీళ్లలో వెతికిన రోజు ఒకటుంది. గాలి పెరుగుతోంది, వెతికేవాళ్లు అలసిపోతున్నారు, అతని ఫోన్ మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. అప్పటి నుంచి ఒడ్డున ఒక అట్ట మీద పేర్లు రాసి పెడుతున్నాం. దిగేటప్పుడు మీ పేరు పక్కన టిక్ పెట్టండి, తిరిగొచ్చాక మీ చేత్తో మీరే కొట్టేయండి. అట్ట మీద ఒక్క పేరు మిగిలినా నడిపించేవాళ్లు ఒడ్డు వదలరు.